అంటీ ముట్టనట్టు

తెలుగులో ‘చూడు’ అనే క్రియకి కళ్ళతో పని తక్కువ. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూస్తాం. జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం. మామిడికాయ మగ్గిందో లేదో నొక్కి చూస్తాం. ఫోన్ చేసి చూస్తాం, అడిగి చూస్తాం, ఏదీ తేలకపోతే నాలుగు రోజులు ఆగి చూస్తాం. నేను ఫిజిక్స్ చదువుకున్నదంతా ఇంగ్లీషులోనే. అయినా నాలుగేళ్ళు చేసిన పని ఏంటో ఇంట్లో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నన్ను ఆదుకున్నది ఈ ఒక్క క్రియే. నేనక్కడ కళ్ళతో చూసింది చాలా తక్కువ. తడిమి చూశాను.

ఆ పని పేరు పొడుగ్గా ఉంటుంది: స్కానింగ్ ప్రోబ్ మైక్రోస్కోపుతో నానో పదార్థాల నుంచి వచ్చే వెలుగుని కొలవడం. మామూలు మాటల్లో అయితే, ఒక సన్నటి సూదిని ఒకే ఒక్క అణువు దగ్గరికి తీసుకెళ్ళి, కరెంటు పంపించి, అది వెలిగితే ఆ వెలుగు ఏ రంగులో ఉందో, ఎంత ఉందో, అణువు మీద ఎక్కడ పొడిస్తే ఎక్కువ వస్తోందో రాసుకోవడం. యూరప్‌లో ఒక యూనివర్సిటీ బేస్‌మెంటులో, కిటికీ లేని గదిలో, ఎక్కువగా రాత్రిళ్ళు.

సూది ఎందుకంటే, లెన్సుకి ఒక హద్దు ఉంది. 1873లో ఎర్న్‌స్ట్ అబే అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పిన లెక్క అది. ఎంత మంచి లెన్సు చేసినా, వెలుగు తరంగం పొడవులో దాదాపు సగం కన్నా చిన్న వివరాలు దానికి విడివిడిగా కనపడవు. ఆకుపచ్చ వెలుగు తరంగం పొడవు సుమారు 500 నానోమీటర్లు. అంటే 250 దగ్గర మన చూపు ఆగిపోతుంది. నేను చూడాల్సిన అణువు అడ్డంగా కొలిస్తే ఒకటిన్నర నానోమీటరు. సున్నం కొట్టే కుంచెతో కంటికి కాటుక పెట్టమన్నట్టు ఉంటుంది.

ఈ హద్దుని దాటొచ్చని 1928లోనే రాసినవాడు ఒకడున్నాడు. ఎడ్వర్డ్ సింజ్, ఐర్లండ్ మనిషి. డిగ్రీ పూర్తి చెయ్యలేదు, ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం లేదు. వెలుగు తరంగం కన్నా చిన్న రంధ్రాన్ని వస్తువుకి బాగా దగ్గరగా పెట్టి, దాన్ని కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోతే బొమ్మ వస్తుందన్నాడు. ఐన్‌స్టైన్‌కి ఉత్తరాలు కూడా రాశాడు. అదే ఏడాది కలకత్తాలో రామన్ తన ఎఫెక్టు కనుక్కున్నాడు. ఆ తేదీ మనందరికీ స్కూల్లోనే కంఠతా వచ్చు. సింజ్ పేరు మాత్రం నేను పీహెచ్‌డీలో చేరేదాకా వినలేదు. అంత దగ్గరగా ఒక వస్తువుని పట్టుకుని, వణక్కుండా జరపగలిగే చెయ్యి ఆ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు.

ఆ చెయ్యి 1981లో వచ్చింది. జూరిక్ దగ్గర ఐబీఎం లాబ్‌లో గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ అనే ఇద్దరు చేసిన స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్. అయిదేళ్ళకే, 1986లో, నోబెల్ బహుమతి వచ్చింది. దాంట్లో లెన్సు లేదు. ఒక లోహపు సూది ఉంటుంది, దాని మొనలో చిట్టచివర ఒకటో రెండో పరమాణువులు. ఆ మొనని లోహపు ఉపరితలానికి ఒక నానోమీటరు కన్నా తక్కువ దూరంలోకి తీసుకెళ్తారు. తగలనివ్వరు. మధ్యలో ఖాళీయే ఉన్నా, కొంచెం వోల్టేజి పెడితే ఎలక్ట్రాన్లు ఆ ఖాళీలోంచి దాటిపోతాయి. నానోమీటరులో పదోవంతు వెనక్కి జరిగితే కరెంటు పదోవంతుకి పడిపోతుంది, ముందుకి జరిగితే పది రెట్లవుతుంది. ఆ కరెంటు మారకుండా సూదిని పైకీ కిందకీ ఆడిస్తూ వరసలు వరసలుగా తిప్పితే, ఉపరితలం ఎత్తుపల్లాలు పరమాణువు పరమాణువుగా బొమ్మ కడతాయి.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చిన మాట ‘అంటీ ముట్టనట్టు’. మన ఇళ్ళల్లో అది తిట్టు. పెళ్ళికొచ్చి అంటీ ముట్టనట్టు తిరిగాడంటే ఆ మనిషి సంగతి తేలిపోయినట్టే. ఇక్కడ మాత్రం పనంతా ఆ దూరంలోనే ఉంది. ఇంకాస్త దగ్గరికెళ్తే సూది గుద్దుకుని మొన పాడవుతుంది. ఇంకాస్త దూరం జరిగితే ఏమీ తెలీదు.

ఇక వెలుగు సంగతి. 1976లో ల్యాంబ్, మెక్‌కార్తీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక విషయం గమనించారు. రెండు లోహపు పొరల మధ్య సన్నటి అడ్డుపొరని దాటే ఎలక్ట్రాన్లలో కొన్ని దారిలో తమ శక్తిని వదిలేస్తాయి, అది వెలుగుగా బయటికొస్తుంది. 1988లో గింజెవ్‌స్కీ, అతని సహచరులు జూరిక్‌లోనే దాన్ని సూది కింద చూపించారు. 1993లో ఫుట్‌బాల్ ఆకారంలో ఉండే సీ-60 అణువుల మీద సూది తిప్పితే, ఒక్కో అణువు దగ్గర వెలుగు విడిగా తెలిసింది. అప్పటిదాకా ఎత్తుపల్లాలు చెప్పిన సూది ఇప్పుడు రంగులు కూడా చెప్పడం మొదలుపెట్టింది.

ఒక చిక్కుంది. అణువుని నేరుగా లోహం మీద పెడితే, అది వెలగబోయే లోపే ఆ శక్తిని కింద ఉన్న లోహం మింగేస్తుంది. మధ్యలో ఒక పరుపు కావాలి. 2003లో అమెరికాలో విల్సన్ హో బృందం అల్యూమినియం ఆక్సైడు పొర వాడింది. ఆ తర్వాత చాలామంది వాడింది, నేను వాడిందీ, ఉప్పు. నిజంగా ఉప్పే, సోడియం క్లోరైడు, కాకపోతే వంటింటిది కాదు, బాగా శుద్ధి చేసింది. దాన్ని శూన్యంలో వేడి చేస్తే ఆవిరై వెండి మీద రెండు మూడు పరమాణువుల మందాన పరుచుకుంటుంది. దాని మీద అణువులు చల్లుతాం. నాది జింక్ థాలోసయనిన్. దీని అన్నగారు కాపర్ థాలోసయనిన్ మీకు తెలియకుండానే తెలుసు. అచ్చు సిరాల్లో, పెయింట్లలో ఉండే నీలం చాలావరకూ అదే. నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది అణువు. రంగుగా చూస్తే నీలం, సూదితో పొడిస్తే ఎర్రగా వెలుగుతుంది, 650 నానోమీటర్ల దగ్గర. రేకు మీద పొడిస్తే బాగా వెలుగుతుంది. సరిగ్గా నడిమధ్యన పొడిస్తే దాదాపు వెలగదు. అక్కడినుంచి ఏ పక్కకైనా లాగుడు సమానమే కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

2016లో చైనాలోని హెఫెయ్‌లో ఒక బృందం ఇలాంటివే రెండు అణువుల్ని సూదితో తోసి పక్కపక్కన చేర్చింది. ఒక దాన్ని పొడిస్తే రెండూ కలిసి ఒకటే వస్తువులా వెలిగాయి. ఆ వెలుగు ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో బొమ్మ గీసి చూపించారు. ఆ పేపర్ చదివిన రోజే నేను ఈ పని చెయ్యాలని అనుకున్నాను.

అనుకోవడం తేలిక. సూదీ అణువూ ఉండే స్టీలు డబ్బాలో గాలి ఒత్తిడి మన చుట్టూ ఉన్నదాంట్లో పది లక్షల కోట్లవ వంతు. డబ్బాని అలా ఖాళీ చెయ్యడానికి హీటింగ్ టేపులు చుట్టి, అల్యూమినియం ఫాయిల్ కప్పి, రోజుల తరబడి కాలుస్తాం. లోపల ద్రవ హీలియంతో చల్లబరిస్తే మైనస్ 268 డిగ్రీలు. పైన వోల్టేజి రెండున్నర; రెండు టార్చి సెల్స్ కలిపితే అంతకన్నా ఎక్కువే. కరెంటు 100 పికో ఆంపియర్లు. ఆ లెక్కన సెకనుకి 62 కోట్ల ఎలక్ట్రాన్లు దాటతాయి. లక్షకి ఒకటి వెలుగు కణంగా మారితే మంచి రోజు. అంటే ఆరు వేలు. ఆ ఆరు వేలూ అన్ని వైపులకీ పోతాయి, లెన్సుకి చిక్కేవి కొన్ని, స్పెక్ట్రోమీటరు దాటి కెమెరాకి చేరేవి ఇంకా కొన్ని. అందుకని నిమిషం పాటు కదలకుండా సూదిని ఒకే చోట పట్టుకోవాలి. లిఫ్టు కదిలినా, పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపినా తెలిసిపోతుంది. రాత్రిళ్ళు పని చేసేది అందుకే.

ఈ పనిలో అసలు ప్రశ్న ఇవేవీ కాదు. వచ్చిన వెలుగు ఎవరిది అన్నదే ప్రశ్న.

అణువు ఒంటరిగా వెలిగితే అది ఇచ్చే వెలుగు చాలా తక్కువ. మనకి కనపడేంత వెలుగు రావడానికి కారణం సూదే. సూది మొనకీ కింద ఉన్న వెండికీ మధ్య ఇరుకు సందులో, లోహపు ఎలక్ట్రాన్లు అన్నీ కలిసి ఊగుతాయి. ప్లాస్మాన్ అంటారు దాన్ని. ఆ ఊపు అణువు వెలుగుని ఎన్నో రెట్లు పెంచి బయటికి పంపిస్తుంది. పెంచుతూ పెంచుతూ దాని రంగులో తనది కూడా కాస్త కలుపుతుంది. ఏ సూదికి ఆ సూదికి ఊపు వేరు. ఒకటి ఎరుపుని పెంచితే ఇంకోటి పసుపుని పెంచుతుంది. ఆఖరికి ఒకే సూది, ఒకసారి వెండిలో గుచ్చి తీస్తే, కొత్త సూదయిపోతుంది. మేము చేసేది కూడా అదే: కావలసిన రంగు దగ్గర ఊపు వచ్చేదాకా వెండిలో గుచ్చడం, వోల్టేజి పల్స్ కొట్టడం, మళ్ళీ చూడటం. ఒక్కోసారి గంట, ఒక్కోసారి వారం.

దానికి విరుగుడు ఒకటే. అణువు మీద కొలిచిన ప్రతిసారీ, అదే సూదితో, పక్కనే ఖాళీ వెండి మీద కూడా కొలవాలి. అక్కడ అణువు లేదు కాబట్టి వచ్చేదంతా సూది సొంతం. దానితో దీన్ని భాగిస్తే అణువు వాటా తేలుతుంది. ఈ ఖాళీ వెండి కొలత లేకపోతే మిగతాదానికి విలువ లేదు.

మూడో ఏడాది నవంబరులో ఒక రాత్రి, ఉప్పు పొర అంచున కూర్చున్న ఒక అణువు మీద, ఎప్పుడూ వచ్చే ఎర్ర గీత పక్కనే ఇంకో గీత కనపడింది. సన్నగా, నిటారుగా. మొదట నమ్మలేదు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు అప్పుడప్పుడు కెమెరాని తాకి ఇలాంటి దొంగ గీతలు పెడతాయి. కానీ అవి ఒక్కసారే వస్తాయి, రెండోసారి అదే చోట రావు. నేను అయిదు సార్లు తీశాను. అయిదు సార్లూ వచ్చింది. సూదిని నానోమీటరు పక్కకి జరిపితే తగ్గింది, వెనక్కి తెస్తే పెరిగింది. ఎక్కడా చదవని గీత. నా గుండె కొట్టుకోవడం వల్ల మైక్రోస్కోప్ వణుకుతుందేమో అన్నంత భయం వేసింది.

ఆరో కొలత ఖాళీ వెండి మీద. సూదిని అక్కడికి తీసుకెళ్తుండగా దారిలో, ఏమీ తగలకుండానే, మొన మారిపోయింది. బొమ్మలో ప్రతి అణువూ రెండుగా కనపడటం మొదలైంది. ఇది మామూలే. మొన మీది పరమాణువులు తమంతట తాము సర్దుకుంటాయి, ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ సూది ఇక లేదు. వెనక్కి వెళ్ళి అదే అణువు మీద చూస్తే పాత ఎర్ర గీత ఒక్కటే ఉంది.

ఇక రెండే దారులు. ఆ గీత అణువుది కావచ్చు. అంచున కూర్చోవడం వల్ల దానిలో ఏదో మార్పు వచ్చి ఉండొచ్చు. లేదా సూది మొనకి అంతకుముందే ఏదో అంటుకుని ఉండి, ఆ గీత దానిది కావచ్చు. ఖాళీ వెండి మీద ఒక్క నిమిషం దొరికి ఉంటే తెలిసేది.

తర్వాత ఏడు నెలలు వెతికాను. ఉప్పు అంచున ఉన్న అణువుల్ని వందకి పైగా పొడిచి చూశాను. రాలేదు.

ఈలోపు పేపర్ రాయాల్సిన సమయం వచ్చింది. నా కాంట్రాక్టుకి అయిదు నెలలు మిగిలాయి, దానితో పాటే వీసాకి. మా గైడు మంచి మనిషి, మోసం చేసే రకం కాదు. ఆయన అన్నది, “ఒక మూల చిన్న బొమ్మగా పెడదాం. ‘బహుశా’ అని రాద్దాం. డేటా నిజమే కదా.” నిజమే. నేను ఒక్క చుక్క కూడా మార్చలేదు. ఆ గీతతో పేపర్ పెద్ద జర్నల్‌కి వెళ్తుంది, అది లేకపోతే మామూలు జర్నల్‌కి. తర్వాతి ఉద్యోగం దొరకడం దొరక్కపోవడం ఆ తేడా మీదే ఉందని ఇద్దరికీ తెలుసు. ‘బహుశా’ అనే మాట ఎంతకాలం బతుకుతుందో కూడా ఇద్దరికీ తెలుసు. మన పేపర్లో ఉంటుంది. మనల్ని ఉదహరించేవాళ్ళ పేపర్లో ‘అని సూచించారు’ అవుతుంది. వాళ్ళని ఉదహరించేవాళ్ళ పేపర్లో ‘అని తేలింది’ అవుతుంది.

ఆ వారం నాన్నతో మాట్లాడాను. నాన్నకి నరసరావుపేటలో ఫోటో స్టూడియో ఉండేది. డిజిటల్ వచ్చాక కొన్నేళ్ళు లాగి మూసేశాడు. ఫిజిక్స్ రాదు, కానీ వెలుగు సంగతి తెలుసు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవాడు. నెగటివ్ మీద నలుపు పెడితే ప్రింటులో తెలుపవుతుంది. మొటిమలు, మచ్చలు అలా పోయేవి. నా గొడవంతా విని అడిగాడు.

“ఆ గీత నువ్వు చూశావా?”

“చూశాను నాన్నా. అయిదు సార్లు.”

“మరింక అనుమానం ఏంటి?”

“అది అణువుదో సూదిదో తెలీట్లేదు.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “పెళ్ళి ఫోటోలకి టచింగ్ చేసేవాణ్ణి గదా. పాస్‌పోర్టు ఫోటోలకి చేసేవాణ్ణి కాదు, గుర్తుందా?” అన్నాడు.

“ఎందుకని?”

“పెళ్ళి ఫోటో ఆ ఇంట్లోవాళ్ళే చూసుకుంటారమ్మా. పాస్‌పోర్టు ఫోటో అట్టా కాదు. ఎక్కడో మనం ఎరగనివాడు దాన్ని మనిషి మొహం పక్కన పెట్టి చూస్తాడు. వాడికి మన సంగతులేం తెలుసు?”

“నేను టచింగ్ ఏం చెయ్యలేదు నాన్నా. అది ఉన్న గీతే.”

“ఉన్నదేలే తల్లీ. లైటు ఎక్కడ పెట్టి తీశావో చెప్పగలవా మరి?”

చెప్పలేను. ఆ సూది ఎలాంటిదో చెప్పే కొలత నా దగ్గర లేదు.

గీత లేకుండానే పేపర్ వెళ్ళింది. గైడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, మూడో రోజు కాఫీకి పిలిచాడు. మామూలు జర్నల్లోనే వచ్చింది. నేను అడిగిన రెండు పోస్ట్‌డాక్‌లూ రాలేదు. గీత ఉండుంటే వచ్చేవా అంటే, ఎవరు చెప్పగలరు? ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో ఎల్‌ఈడీ తెరలు పరీక్షిస్తున్నాను. ఇక్కడ వెలుగు దండిగా ఉంటుంది, పగలే పని. ఆ అయిదు ఫైళ్ళూ నా డ్రైవ్‌లో ఉన్నాయి. తర్వాత చేరిన స్టూడెంటుకీ ఒక కాపీ ఇచ్చి వచ్చాను, ఏం జరిగిందో పూర్తిగా రాసి.

ఈమధ్య నాలాంటి వాళ్ళు రాసిన జ్ఞాపకాలు, ఊళ్ళ మీద వ్యాసాలు చదువుతుంటే ఆ ఖాళీ వెండి కొలత గుర్తొస్తుంది. మా నాన్న గురించి ఇప్పుడు నేను రాసినదాంట్లో కూడా నా సూది ఊపు ఉంది. నాన్న అంత పొందిగ్గా మాట్లాడడు. మధ్యలో రెండుసార్లు ఫోన్ కట్టయింది, సిగ్నల్ లేదని తిట్టుకున్నాడు, అమ్మ వెనకనుంచి భోజనానికి పిలిచింది. అవన్నీ తీసేశాక మిగిలింది మీరు చదివారు. పక్కన ఎవరూ లేని చోట మనం ఎలా వెలుగుతామో ఒకసారి కొలుచుకుంటే తప్ప, పక్కవాళ్ళ వెలుగని మనం రాసేదాంట్లో వాళ్ళ వాటా ఎంతో తెలీదు. మనుషుల విషయంలో భాగించే పద్ధతి నాకింకా దొరకలేదు. కనీసం సూది ఉందని చెప్పొచ్చు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్న ఆ పేపర్ చూపించమన్నాడు. ల్యాప్‌టాప్‌లో తెరిచి, అణువు వెలుగు బొమ్మ పెద్దది చేసి చూపించాను. చుట్టూ ఎర్రగా వలయం, మధ్యలో నల్లటి చుక్క. కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

“మధ్యలో చీకటేంటి?”

చెప్పాను.

“ఈ వెలుగంతా దాందేనా, మీ సూదిది కూడా ఉందా?”

“రెండూ ఉన్నాయి నాన్నా.”

“ఆ మాట కింద రాశారా?”

బొమ్మ కింద చిన్న అక్షరాలు చదివి వినిపించాను. వెండి సూది. మైనస్ రెండున్నర వోల్టులు. 100 పికో ఆంపియర్లు. ఖాళీ వెండి మీద అదే సూదితో తీసిన కొలతతో భాగించినది.

“ఊఁ,” అన్నాడు, “రాశారు.”